పాత కంప్యూటర్‌కు సరిపడే మెమరీ ఏది?

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉన్నదనుకోండి. 2010 ప్రాంతంలో కొన్నది. బటన్ నొక్కి, వెళ్ళి మొహం కడుక్కొని వచ్చినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక పాఠం తెరిచి, దాని పక్కనే ఒక వీడియో కూడా తెరిస్తే ఇక అంతే సంగతులు!

"ర్యామ్ వేయించండి, బాగవుతుంది" అని ఎవరో సలహా చెప్పారు. నాన్నగారు డబ్బు కూడబెట్టి, బజారుకు వెళ్ళి 4 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి పట్టుకొచ్చారు. కంప్యూటర్‌లో ఉన్న పాత స్టిక్ డీడీఆర్3 రకం. కొత్తదీ డీడీఆర్3 రకమే. స్లాటులో చక్కగా ఇమిడింది. బటన్ నొక్కారు. ఫ్యాను తిరిగింది. కాని తెర నల్లగానే ఉండిపోయింది. లోపలి నుంచి 'బీప్... బీప్...' అని ఒకటే మూలుగు!

దుకాణానికి తీసుకువెళితే, దుకాణదారు ఆ స్టిక్‌ను తన కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు. అక్కడ భేషుగ్గా పనిచేసింది. "స్టిక్ మంచిదేనండీ. మీ మదర్‌బోర్డే పోయింది. కొత్త కంప్యూటర్ కొనుక్కోండి" అన్నాడు. నాన్నగారు దిగులుగా ఇంటికి వచ్చి, పాత స్టిక్‌ను తిరిగి పెట్టి చూశారు. కంప్యూటర్ ఎప్పటిలాగే నడిచింది!

స్టిక్ మంచిదే. బోర్డూ మంచిదే. మరి రెండూ కలిస్తే ఎందుకు పనిచేయలేదు? ఈ చిక్కుముడిని మనమే విప్పుదాం. విప్పగలిగితే, మెమరీ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. రేపు మీ ఇంటికో, మీ బడికో మెమరీ కొనవలసివచ్చినప్పుడు డబ్బు వృథా కాకుండా ఉంటుంది.

షావుకారు, గిడ్డంగి

ముందుగా, మెమరీ చేసే పని ఏమిటో చూద్దాం. మీ వీధిలోని కిరాణా కొట్టును గుర్తు తెచ్చుకోండి. షావుకారు చేతికి అందేంత దూరంలో అరలు ఉంటాయి. రోజూ అమ్ముడయ్యే పప్పు, ఉప్పు, చింతపండు వాటిలో ఉంటాయి. మిగిలిన బస్తాలన్నీ వెనుక గిడ్డంగిలో ఉంటాయి. అడిగిన సరుకు అరలో ఉంటే షావుకారు చటుక్కున తీసి ఇస్తాడు. లేకపోతే గిడ్డంగికి వెళ్ళి రావాలి.

కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రాసెసరే షావుకారు. చేతికి అందే అరలు ర్యామ్. గిడ్డంగి హార్డ్ డిస్క్. కరెంటు పోతే అరలు ఖాళీ అయిపోతాయి. గిడ్డంగిలోని సరుకు మాత్రం పదిలంగా ఉంటుంది.

ఈ రెండింటి వేగాలలో తేడా ఎంత? ర్యామ్ నుంచి ఒక అంకెను తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కు సెకనులో కోటోవంతు కాలం, అంటే సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తేవాలంటే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్లు ఎక్కువ! అరలోని సరుకు ఒక సెకనులో దొరికితే, గిడ్డంగి సరుకు కోసం లక్ష సెకన్లు, అంటే 27 గంటలకు పైగా కాచుకోవాలన్నమాట. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటర్ కొంత సరుకును హార్డ్ డిస్క్‌కు దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎక్కిస్తూ ఉంటుంది. తెర మీద చక్రం తిరుగుతున్నది అందుకే.

అసలు ర్యామ్ కావాలా?

ఐతే నెమ్మదిగా నడిచే ప్రతి కంప్యూటర్‌కూ ర్యామ్ మందు కాదు. జ్వరం ఉన్నదో లేదో చూడకుండా మాత్ర వేసుకుంటామా? ఇక్కడా అంతే.

మీరు రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరవండి. ఇప్పుడు విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ ఎంత నిండినదో చూడండి. నూటికి 85, 90 వంతులు నిండి ఉంటే అరలు చాలడం లేదన్నమాట. ర్యామ్ పెంచితే మేలు కలుగుతుంది. సగమే నిండి ఉండి, అయినా కంప్యూటర్ ఈడ్చుకుంటూ నడుస్తున్నదంటే లోపం వేరేచోట ఉన్నది. బహుశా గిడ్డంగిదే ఆలస్యం. అప్పుడు తిరిగే డిస్క్‌కు బదులు ఎస్ఎస్‌డీ వేయించుకుంటే ఎక్కువ ప్రయోజనం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు గదా!

మరొక సంగతి. మీ విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది కూడా చూడండి. 32 బిట్ల విండోస్ ప్రతి గదికీ 32 అంకెల చిరునామా ఇస్తుంది. ప్రతి అంకె 0 గాని 1 గాని కావాలి. కనుక మొత్తం చిరునామాలు 2ను 32 సార్లు హెచ్చవేసినన్ని, అంటే 429,49,67,296. ఇదే 4 జీబీ. అందులోనూ కొన్ని చిరునామాలను ఇతర పరికరాలు వాడుకుంటాయి. కాబట్టి అటువంటి కంప్యూటర్‌లో 8 జీబీ పెట్టినా 4 జీబీకి మించినది వృథాయే. ముందు 64 బిట్ల వ్యవస్థ వేయించుకోవాలి.

చిల్లి ముంతల వరుసలు

ఇక స్టిక్‌ను చేతిలోకి తీసుకుందాం. ఆకుపచ్చని పలక మీద నల్లని చతురస్రాకారపు చిప్‌లు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క చిప్‌లో కోట్ల కొద్దీ అతి చిన్న గదులు ఉంటాయి. ఒక్కొక్క గదిలో ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్ అంటే విద్యుదావేశాన్ని నింపుకొనే ముంత అనుకోండి. ట్రాన్సిస్టర్ ఆ ముంతకు మూత. ముంత నిండి ఉంటే 1, ఖాళీగా ఉంటే 0. ఇంత సులువైన గదిని ఊహించినవాడు అమెరికాలోని ఐబీఎమ్ సంస్థ ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్. 1966లో ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. 1968లో పేటెంటు లభించింది.

ఐతే ఈ ముంతలకు ఒక లోపం ఉన్నది. ఇవి చిల్లి ముంతలు! నింపిన ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతూ ఉంటుంది. అందుచేత నిండుగా ఉన్న ముంతలను మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉండాలి. సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు 16 సార్లు, అన్ని వరుసలనూ చదివి తిరిగి నింపడం జరుగుతుంది. 4 జీబీ స్టిక్‌లో ముంతలు ఎన్నో తెలుసా? సుమారు 3,436 కోట్లు! 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి తెచ్చిన 1103 అనే మెమరీ చిప్‌లో ఉన్నవి 1,024 మాత్రమే.

ఏ ముంతను ఎప్పుడు చదవాలి, ఎప్పుడు నింపాలి అని చూసుకొనే మేస్త్రీ ఒకరు ఉండాలి గదా? ఆ మేస్త్రీ పేరు మెమరీ కంట్రోలర్. పాత కంప్యూటర్లలో ఇది మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. తరువాత వచ్చిన వాటిలో ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయింది. ఈ మేస్త్రీని బాగా గుర్తుంచుకోండి. స్టిక్ సరిపడుతుందా లేదా అంటే, అసలు అర్థం ఈ మేస్త్రీకి ఆ స్టిక్‌తో పనిచేయడం వచ్చునా రాదా అనే.

మొదటి ప్రశ్న: ఏ తరం?

మెమరీ స్టిక్‌లు తరాల వారీగా వచ్చాయి. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ప్రతి తరానికీ కొలతలు నిర్ణయించి ప్రకటించింది. బల్ల మీది కంప్యూటర్లకు వాడే స్టిక్‌ల లెక్క ఇది:

డీడీఆర్2 – 2003 – కాళ్ళు 240 – 1.8 వోల్టులు
డీడీఆర్3 – 2007 – కాళ్ళు 240 – 1.5 వోల్టులు
డీడీఆర్4 – 2012 – కాళ్ళు 288 – 1.2 వోల్టులు
డీడీఆర్5 – 2020 – కాళ్ళు 288 – 1.1 వోల్టులు

కాళ్ళు అంటే స్టిక్ అంచున మెరిసే బంగారు పూత రేకులు. డీడీఆర్2కూ డీడీఆర్3కూ కాళ్ళు సమానమే గదా, ఒకదాని స్లాటులో మరొకటి పెడితే ఏమవుతుంది? పెట్టలేరు! అంచున ఒక గాటు ఉంటుంది. స్లాటులో దానికి ఎదురుగా ఒక అడ్డు ఉంటుంది. ఆ గాటు స్థానం ప్రతి తరానికీ మారుతుంది. 1.5 వోల్టుల చిప్‌కు పొరపాటున 1.8 వోల్టులు తగలకుండా చేసిన ఏర్పాటు అది. కాబట్టి స్టిక్ దిగకపోతే ఎన్నడూ బలవంతంగా నొక్కకండి. "నేను ఈ ఇంటిదాన్ని కాను" అని అది చెబుతున్నదన్నమాట.

ల్యాప్‌టాప్‌లకు పొట్టి స్టిక్‌లు ఉంటాయి. బల్ల మీది కంప్యూటర్ స్టిక్ పొడవు 13.3 సెంటీమీటర్లు ఐతే, పొట్టిది అందులో దాదాపు సగం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీ చిప్‌లను బోర్డుకే అతికించి ఉంచుతారు. వాటిలో స్లాటే లేకపోతే పెంచడం కుదరదు. ఆ సంగతి కొనకముందే తెలుసుకోవాలి.

రెండవ ప్రశ్న: ఎన్ని వోల్టులు?

డీడీఆర్3లో ఒక తమ్ముడు కూడా ఉన్నాడు. పేరు డీడీఆర్3ఎల్. ఇతనికి 1.35 వోల్టులు చాలు, 1.5 వోల్టులు ఇచ్చినా పనిచేస్తాడు. కాని అన్నగారికి 1.35 వోల్టులు చాలవు. గాటు మాత్రం ఇద్దరికీ ఒకచోటే! 2013 తరువాత వచ్చిన అనేక ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టులు మాత్రమే ఇస్తాయి. వాటిలో మామూలు డీడీఆర్3 స్టిక్ చక్కగా ఇముడుతుంది, కాని పనిచేయదు. అందుచేత చీటీ మీద 'పీసీ3' అని ఉన్నదా, 'పీసీ3ఎల్' అని ఉన్నదా చూడండి. ఆ ఒక్క 'ఎల్' అక్షరంలో ఉన్నది కిటుకు.

మన కథలోని కంప్యూటర్ 2010 నాటిది. అది 1.5 వోల్టులు ఇస్తుంది. తరం కుదిరింది, వోల్టులూ కుదిరాయి. ఐనా బీప్ ఎందుకు? అసలు రహస్యం ఇక ముందున్నది.

మూడవ ప్రశ్న: ఇంటి నంబర్లు ఎన్ని అంకెలవి?

ఒక కొత్త కాలనీ కట్టారనుకోండి. అక్కడి ఇళ్ళ నంబర్లలో 0, 1 అనే అంకెలే వాడాలని నియమం. మూడు అంకెల నంబర్లు పెడితే ఎన్ని ఇళ్ళకు సరిపోతాయి? 000, 001, 010, 011, 100, 101, 110, 111. మొత్తం ఎనిమిది. నాలుగు అంకెలు పెడితే పదహారు. ఒక్క అంకె పెరిగితే ఇళ్ళ సంఖ్య రెట్టింపు అవుతుంది.

మెమరీ చిప్ కూడా ఇటువంటి కాలనీయే. ఏ వరుసను చదవాలో మేస్త్రీ తీగల ద్వారా చెబుతాడు. ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క అంకె వెళుతుంది. మనవంటి స్టిక్‌లలో సర్వసాధారణంగా వాడే 2 గిగాబిట్ల డీడీఆర్3 చిప్ లెక్క చూడండి. దానిలో 8 పేటలు. ఒక్కొక్క పేటలో 32,768 వరుసలు. ఒక్కొక్క వరుసలో 1,024 ఇళ్ళు. ఒక్కొక్క ఇంట్లో 8 ముంతలు. అన్నింటినీ హెచ్చవేయండి, 214 కోట్లకు పైగా వస్తుంది. అదే 2 గిగాబిట్లు. 32,768 వరుసలను పిలవాలంటే 15 అంకెల నంబర్లు చాలు.

తరువాత 4 గిగాబిట్ల చిప్‌లు వచ్చాయి. వాటిలో పేటలు అన్నే, వరుసలోని ఇళ్ళూ అన్నే. వరుసలు మాత్రం రెట్టింపు: 65,536. కాబట్టి నంబర్లకు 16 అంకెలు కావాలి.

ఇప్పుడు మన బోర్డు సంగతి. 2008లో ఇంటెల్ సంస్థ జీ41 అనే చిప్‌సెట్‌ను విడుదల చేసింది. దానితో చేసిన చవక బోర్డులు మన దేశంలో ఎన్నో ఇళ్ళలో, బడులలో, కార్యాలయాలలో చేరాయి. వాటిలో కొన్నింటికి డీడీఆర్2, మరికొన్నింటికి డీడీఆర్3 స్లాట్లు ఉన్నాయి. ఈ జీ41లోని మేస్త్రీకి 2 గిగాబిట్ల చిప్‌ల వరకే తెలుసు. పదహారవ అంకె పలకడం అతనికి నేర్పలేదు!

4 జీబీ స్టిక్‌ను రెండు విధాలుగా చేయవచ్చు. బైటుకు 8 బిట్లు గనుక 4 జీబీ అంటే 32 గిగాబిట్లు. 2 గిగాబిట్ల చిప్‌లు వాడితే 16 కావాలి; పలకకు అటు 8, ఇటు 8. 4 గిగాబిట్ల చిప్‌లు వాడితే 8 చాలు; సాధారణంగా అన్నీ ఒకవైపే ఉంటాయి. పైన చీటీలో రెండింటి మీదా '4 జీబీ డీడీఆర్3' అనే ఉంటుంది. కాని జీ41 బోర్డు 16 చిప్‌ల స్టిక్‌తో మాత్రమే పనిచేయగలదు. 8 చిప్‌లది పెడితే, తెలియని కాలనీకి వెళ్ళిన పోస్ట్‌మన్ లాగా దిక్కుతోచక నిలిచిపోతుంది. బీప్ అనే ఆ మూలుగు అదే!

నాన్నగారు తెచ్చినది 8 చిప్‌ల స్టిక్. దుకాణదారు కంప్యూటర్ కొత్త తరానిది. దాని మేస్త్రీకి 16 అంకెలూ వచ్చును. అందుకే అక్కడ పనిచేసింది. చూశారా! ఎవరిదీ తప్పు కాదు, ఏదీ చెడిపోలేదు. ఒక్క అంకె తేడా వచ్చింది. ఆ అంకె సంగతి తెలియక నిక్షేపంలాంటి బోర్డును పాడైపోయినదని పక్కన పడేసేవాళ్ళు!

చీటీని చదవడం

చిప్‌లను లెక్కపెట్టడం మంచి అలవాటు. లెక్కపెట్టకుండా తెలుసుకొనే మార్గమూ ఉన్నది. అనేక స్టిక్‌ల చీటీ మీద '2ఆర్ఎక్స్8', '1ఆర్ఎక్స్8' వంటి గుర్తు ఆంగ్ల అక్షరాలలో ఉంటుంది. చివరి అంకె, ఒక్కొక్క చిప్ ఒకసారికి ఎన్ని బిట్లు అందిస్తుందో చెబుతుంది. స్టిక్ ఒక విడతలో 64 బిట్లు అందించాలి. చిప్‌కు 8 బిట్ల చొప్పున ఐతే 8 చిప్‌లు కావాలి. ఇది ఒక జట్టు. మొదటి అంకె, స్టిక్‌లో ఎన్ని జట్లు ఉన్నాయో చెబుతుంది. కాబట్టి '2ఆర్ఎక్స్8' అంటే రెండు జట్లు, 16 చిప్‌లు. '1ఆర్ఎక్స్8' అంటే ఒకే జట్టు, 8 చిప్‌లు. జీ41 బోర్డుకు 4 జీబీ స్టిక్ కొనేటప్పుడు మొదటి రకమే అడగాలి.

చివరి అంకె 4 అని ఉంటే జాగ్రత్త! అటువంటి 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు బజారులో మిగతావాటి కంటే చవకగా కనిపిస్తుంటాయి. అవి ఏఎమ్‌డీ సంస్థ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలోనే పనిచేస్తాయి. ఇంటెల్ ప్రాసెసర్లున్న మామూలు ఇంటి కంప్యూటర్లు వాటిని స్వీకరించవు.

చవకగా దొరికే మరొక రకం, పెద్ద సర్వర్ల నుంచి తీసిన పాత స్టిక్‌లు. వాటిలో తప్పులను పట్టుకోవడానికి అదనపు చిప్ ఉంటుంది. అందుచేత 8కి బదులు 9, 16కు బదులు 18 చిప్‌లు కనిపిస్తాయి. మధ్యలో మరొక చిప్ కూడా ఉండి, చీటీ మీద వేగం అంకె పక్కన ఆంగ్ల 'ఆర్' అక్షరం ఉంటే అది ఇంటి కంప్యూటర్‌లో పనిచేయదు. 'యు' అక్షరం ఉంటే బల్ల మీది కంప్యూటర్‌కు, 'ఎస్' ఉంటే ల్యాప్‌టాప్‌కు చెందినది.

వేగం సంగతి

చీటీ మీద 1333, 1600 వంటి అంకెలు చూసి కంగారుపడనక్కరలేదు. 1600 అంటే సెకనుకు 160 కోట్ల విడతలు. ఒక్కొక్క విడతకు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 1600ను 8తో హెచ్చవేస్తే 12,800. 'పీసీ3-12800' అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ స్టిక్ సెకనుకు 12,800 మెగాబైట్లు అందించగలదన్నమాట.

ప్రతి స్టిక్ మీద ఆవగింజంత చిప్ ఒకటి ఉంటుంది. ఆ స్టిక్ పరిమాణం, వేగం, వోల్టులు అన్నీ దానిలో రాసి ఉంటాయి. కంప్యూటర్ మేలుకోగానే ముందు దానిని చదువుతుంది. తనకు చేతనైన వేగాన్ని, స్టిక్ వేగాన్ని పోల్చుకొని రెంటిలో తక్కువదాన్ని ఎంచుకుంటుంది. జీ41కు తెలిసిన డీడీఆర్3 వేగం 1066 వరకే. 1600 స్టిక్ పెడితే అది 1066తోనే నడుస్తుంది. రెండు వేరు వేరు వేగాల స్టిక్‌లు పెడితే, జోడెడ్ల బండి లాగా రెండూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. కాబట్టి పాత కంప్యూటర్‌కు ఎక్కువ వేగం స్టిక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

రెండు స్లాట్లు ఉన్నప్పుడు ఒకే పరిమాణం గల స్టిక్‌లు జతగా పెడితే మంచిది. మేస్త్రీకి రెండు చేతులూ ఆడతాయి. ఐనా మామూలు పనులలో వేగం రెట్టింపు అవుతుందని ఆశపడకండి.

కొనడానికి ముందు

బోర్డు పేరు బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే కంప్యూటర్ విప్పకుండానే బోర్డు పేరు, చిప్‌సెట్ పేరు, స్లాట్లలోని స్టిక్‌ల వివరాలు తెలుస్తాయి. ఆ పేరు పట్టుకొని బోర్డు తయారీదారుల పుస్తకం చూడండి. ఎన్ని స్లాట్లు, మొత్తం ఎంత మెమరీ వరకు వేయవచ్చు అన్నది అందులో ఉంటుంది. జీ41కు గరిష్ఠం 8 జీబీ. వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకొని, పాత స్టిక్‌ను కూడా వెంట తీసుకువెళ్ళండి. పనిచేయకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోవడం మరువకండి.

పాత కంప్యూటర్ మీద ఎంత ఖర్చు పెట్టవచ్చునో కూడా ఆలోచించాలి. కృత్రిమ మేధ కేంద్రాలకు మెమరీ విపరీతంగా అవసరం కావడం వలన 2025 రెండవ సగంలో మెమరీ ధరలు బాగా పెరిగాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ పెంచినంత మాత్రాన 2010 నాటి ప్రాసెసర్ విండోస్ 11కు అర్హం కాదు. అటువంటి వాటిలో లినక్స్ వంటి ఉచిత వ్యవస్థ వేసుకొని పాఠాలకు, రాతపనికి హాయిగా వాడుకోవచ్చు. ఆ పనికి తక్కువ ధరలో సరైన స్టిక్ దొరికితే కొనండి. లేకుంటే ఆ డబ్బు దాచుకోండి.

అమర్చే పద్ధతి

ఈ పనిని పెద్దల సమక్షంలోనే చేయండి. ముందు ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసివేయండి. తరువాత కంప్యూటర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖర్చవుతుంది. మన శరీరం మీద ఉండే స్థిర విద్యుత్తు చిప్‌లకు హాని చేస్తుంది. కాబట్టి రంగు వేయని ఇనుప భాగాన్ని చేతితో తాకి, అప్పుడు స్టిక్‌ను అంచులతో పట్టుకోండి. బంగారు కాళ్ళను ముట్టుకోకండి. గాటును అడ్డుకు ఎదురుగా ఉంచి, రెండు చివరలా సమంగా నొక్కండి. పక్కనున్న కొక్కేలు 'టక్'మని పడతాయి.

తెర వెలగకపోతే బెంబేలు పడవద్దు. ప్లగ్గు తీసి, స్టిక్‌ను ఒకసారి తీసి మళ్ళీ అమర్చండి. సగం దిగిన స్టిక్ వల్లనే చాలాసార్లు ఈ బాధ వస్తుంది. అప్పటికీ కాకపోతే పాత స్టిక్ ఒక్కటే పెట్టి చూడండి. అది పనిచేస్తే బోర్డు బాగున్నట్టే. తెర వెలిగిన తరువాత విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్షను ఒకసారి నడపండి. వాడిన స్టిక్ కొన్నప్పుడు ఇది తప్పనిసరి.

ఇప్పుడు మళ్ళీ మన కథకు వద్దాం. నాన్నగారు ఆ స్టిక్‌ను వాపసు చేసి, '2ఆర్ఎక్స్8' అని ఉన్న 16 చిప్‌ల స్టిక్‌ను అడిగి తెచ్చారనుకోండి. ఈసారి బీప్ ఒక్కసారే మోగుతుంది, తెర వెలుగుతుంది. బోర్డు పోయిందని చెప్పిన కంప్యూటర్ మరి కొన్నేళ్ళు మీకు పాఠాలు చెబుతుంది. గాడిలో ఇమిడినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. తరం, వోల్టులు, చిప్‌లు, ఈ మూడూ అడిగి తెలుసుకొన్నవారి డబ్బు వృథా పోదు.

మీరే చెప్పండి

1. చీటీ మీద 'పీసీ3-8500' అని ఉన్నది. ఆ స్టిక్ వేగం సుమారు ఎంత?
2. 8 గిగాబిట్ల చిప్‌లు ఎనిమిదింటితో చేసిన స్టిక్ ఎన్ని జీబీలది?
3. 1.35 వోల్టులు మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌కు 'పీసీ3-12800' స్టిక్ కొనవచ్చునా?

జవాబులు: 1. 8,500ను 8తో భాగిస్తే సుమారు 1,062. అంటే 1066 రకం. 2. 64 గిగాబిట్లు, అంటే 8 జీబీ. 3. కొనకూడదు, 'పీసీ3ఎల్' అని ఉన్నదే కొనాలి.